దండు విడిసిన దినములు

యుద్ధములను గూర్చిన గ్రంథములు మన గ్రంథాలయమునందు పెక్కు గలవు. ఏ రాజు ఏ సంవత్సరమున ఏ దుర్గమును సాధించెనో, ఎన్ని యేనుగులు కూలెనో, ఎవరు వెన్నిచ్చి పాఱిరో వానియందు సవిస్తరముగా వ్రాయబడియున్నది. కాని దండు కదలిన దినమునకును, కయ్యము జరిగిన దినమునకును నడుమ గడచిన దినములు ఏమైనవని అడిగినచో సమాధానము సులభముగా దొరకదు. చిరకాలముగా గ్రామలెక్కలతో ప్రొద్దుపుచ్చిన నాకు ఈ లోటు కంటికి తగులుచునే యున్నది. జమాఖర్చుల చిట్టాలో నాలుగు నెలల పుటలు లేకున్నచో తనిఖీకి వచ్చిన యధికారి ఒప్పుకొనునా? చరిత్రలో మాత్రము మనము ఒప్పుకొనుచున్నాము.

పూర్వకాలపు దండయాత్రలలో నడచిన దినములతోపాటు నిలిచిన దినములును పెక్కులు. వాన పట్టిన నిలువవలెను. ఏరు పొంగిన నిలువవలెను. పడవలు చాలకున్న, మేత దొరకకున్న, ముహూర్తము కుదురకున్న, ఎదుటి కోట తలుపు తెరువకున్న నిలువవలెను. అట్లు నిలిచిన వేలకొలది మనుష్యులు, వారి నాయకులు ఆ ప్రొద్దు నెట్లు పుచ్చిరన్నదే ఈ వ్యాసమునకు విషయము. ఇందులకు ముఖ్యముగా మన కృష్ణవేణీతీరమున కొలది యేండ్ల యెడముతో జరిగిన రెండు ఘట్టములను తీసికొందును. వానికి ముందు పెద్దలు చెప్పిన మాటలు కొన్ని.

రామాయణమునందలి కిష్కింధాకాండము మన కందఱకు పరిచితమే. వాలివధానంతరము శ్రీరాముడు సుగ్రీవునితో, వానకాలపు నాలుగు మాసములు ప్రవేశించినవి, ఇది ప్రయత్నమునకు సమయము కాదు, కార్తికము రాగానే పూనుకొనుమని చెప్పి ప్రస్రవణగిరి గుహలో తమ్మునితో నివసించెను. ఆ నాలుగు నెలలలో నొక్క బాణమైనను శత్రువుపై విడువబడలేదు. కొండమీద అన్న మబ్బులను జూచి దుఃఖించుచు, తమ్మునితో చెప్పుకొనుచు దినములు లెక్కించుచుండెను. కొండక్రింది నగరమున సుగ్రీవుడు పానగోష్ఠులలో మునిగి గడువు దాటిన సంగతియే మఱచెను. హనుమంతుడు హెచ్చరించిన పిమ్మటనే గదా వానరులకు ఆజ్ఞలు వెడలినవి! ఆ పిదప లక్ష్మణుడు విల్లు చేతబట్టి నగరద్వారమునకు వచ్చినగాని రాజునకు మత్తు పూర్తిగా దిగలేదు. సీతాన్వేషణము సాగునో ఆగునో తేలినది ఈ నిరీక్షణకాలముననే యని నా తలంపు. హంపి ప్రాంతమున మాల్యవంతమను గుట్టపై రఘునాథస్వామి యాలయమొకటి గలదు. రాముడు వానకాలము గడపిన చోటు అదియే యని అచటివారు చెప్పుదురు. విజయనగర ప్రభువుల రాజధాని ఆ గుట్ట చుట్టును వెలసినదే.

ఇక శాస్త్రము. కౌటిల్యుని అర్థశాస్త్రము చాలకాలము కనుమఱుగై, 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతబడి, 1909లో ముద్రణమొందినది. దాని పదియవ అధికరణమునందు స్కంధావారము, అనగా దండు విడిది, ఎట్లు కట్టవలెనో చెప్పబడినది. దారిలోని గ్రామములయందును అడవులయందును గడ్డి, కట్టెలు, నీరు ఎంత దొరకునో ముందుగా గణించి, దానినిబట్టి మజిలీలు నిర్ణయించి పిదప యాత్ర చేయవలెనట. ఈ యొక్క వాక్యమును జూచినచో కౌటిల్యుడు లెక్కలవాని కష్టము నెఱిగినవాడని నాకు తోచును. విడిదిలో తగవులు, మద్యము, గుంపులుగూడి వేడుకలు చేయుట, జూదము అనువానిని వారింపవలెననియు, ముద్ర లేనివానిని రాకపోకలు చేయనీయరాదనియు ఆయన శాసించెను. అనుమతిపత్రము లేక సేననుండి వెనుదిరిగిన భటుని పట్టి బంధింపవలెననియు గలదు.

నిషేధము వ్రాసియున్నదనగా ఆ పని జరుగుచుండెనని యర్థము. చెఱువుగట్టుపై పశువులను మేపరాదని పలక వ్రేలాడదీసిన యూరిలో గట్టున పశువులు మేయుచున్నవనియే గదా తెలిసికొనవలెను! కావున ఈ సూత్రములనుబట్టియే విడిదిలోని సామాన్యభటుని దినచర్య మనకు తెలియుచున్నది. పని లేని వేళ పాచికలు వేసెను, త్రాగెను, ప్రక్కవానితో తగవులాడెను, గుంపుగూడి ఆటపాటలు చూచెను. ఇల్లు జ్ఞప్తికి వచ్చినపుడు చీకటిలో ఇంటిదారి పట్టెను. కాళిదాసు రఘువంశమున ఇదే సంగతిని కోపములేక చెప్పినాడు. శరత్తున బయలుదేరిన రఘుమహారాజు సేన కళింగమున మహేంద్రగిరికడ విజయము గైకొని, తమలపాకులు పఱచి పానభూమి నేర్పఱచుకొని కొబ్బరికల్లు త్రాగినదట. శాస్త్రకారుడు వలదన్నదానిని కవి వర్ణించినాడు. లోకము రెంటికిని నడుమ నడచుచుండును.

ఇపుడు మన కథకు వత్తము. శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై యెత్తిన దండయాత్ర ఒక్క పరుగున ముగిసినది కాదు. మొదట ఉదయగిరి. ఆ దుర్గము ముట్టడి యేడాదిన్నర సాగినదని నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు వ్రాసెను. అతడు రాయల యనంతరము, అచ్యుతరాయల కాలమున విజయనగరమున నుండి, విన్న సంగతులను తన భాషలో వ్రాసికొనగా, 1900లో రాబర్టు సూయెలు దొరగారి యాంగ్లానువాదముతో అది లోకమునకు తెలిసినది. ఉదయగిరికి పోవు త్రోవ ఒక్కొక్క మనుష్యుడు వరుసగా నడువదగినంత యిఱుకు. రాయలు ఆ యేడాదిన్నరలో కొండలు తొలిపించి, గుండ్లు పగులగొట్టించి, ఆ త్రోవను వెడల్పు చేయించి, మఱికొన్ని క్రొత్తత్రోవలను గూడ వేయించెను. 1514 జూన్ మాసమున దుర్గము స్వాధీనమైనది. కోట క్రింద కూర్చుండి కోటను తిట్టుకొనుచు కాలము గడపుట ఒకటి. గునపము చేతికిచ్చి బాట వేయించుట మఱియొకటి. సేనకు పనియు నాయెను, జూదమునకు తీఱికయు లేకపోయెను. ఉదయగిరి చిక్కిన మఱునెలలోనే రాయలు దేవేరులతో తిరుమల కేగి స్వామిని సేవించిన సంగతి అచటి శాసనములవలన తెలియుచున్నది.

పిమ్మట కొండవీడు. అది శాలివాహనశకము 1437 యువ సంవత్సర ఆషాఢ శుద్ధమున, హరివాసరమునాడు, శనివారమున పట్టుబడినది. క్రీస్తుశకమున 1515 జూన్ 23వ తేదీ. ఈ హరివాసరమను మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొన గోరెదను. ఆ తరువాత దండు కృష్ణకు చేరినది. నది యావలి కొండపల్లియు గజపతుల యధీనముననే యుండెను. అదియును ఒక్కనాట లొంగలేదు.

ఈ యాత్రలోనే యొకప్పుడు రాయలు విజయవాటిలో, అనగా నేటి విజయవాడలో, కొన్ని దినములు నిలిచెను. ఎందులకు నిలిచెనో ఆముక్తమాల్యద పీఠికలో చెప్పబడలేదు. కొండపల్లి వ్యవహారముకొఱకో, వెనుకనుండి రావలసిన ఏనుగులు, బండ్లు నది దాటుటకొఱకో యై యుండునని నా యూహ. 1855లో ఆనకట్ట పూర్తియగునంతవరకు అచట కృష్ణకు అడ్డు లేదు. నది నిండినపుడు పడవలే గతి. మనవంటివాడు పెండ్లివారి బండితో రేవున నిలిచినను పూటకు పూట గడచెడిది; మఱి ఒక రాజ్యపు సేన నిలిచినచో నెట్లుండునో యూహించుకొనవచ్చును.

ఆ తీఱికవేళ రాయలు నది వెంట దిగువకు పోయి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువును సేవించెను. ఈ శ్రీకాకుళము ఉత్తరమున నున్న జిల్లాకేంద్రము కాదు. కృష్ణాజిల్లా ఘంటసాల మండలములోని గ్రామము. చదువుకొన్నవారు సైతము ఈ రెంటిని కలిపివేయుట నే నెఱుగుదును. అచట హరివాసరోపవాసముండి ఆ రాత్రి గడపెను. వేకువజామున కలలో ఆంధ్రవిష్ణువు సాక్షాత్కరించి, సంస్కృతమున మదాలసచరిత్రము, సత్యావధూప్రీణనము, సకలకథాసారసంగ్రహము, జ్ఞానచింతామణి, రసమంజరి మొదలగువానిని రచించిన నీకు తెనుగున నొక కావ్యము కష్టమా యని యడిగి, గోదాదేవి కల్యాణకథను తెనుగున వ్రాయుమనియు, దానిని వేంకటేశ్వరునకు అంకిత మిమ్మనియు ఆనతిచ్చెను. కన్నడరాజ్యమును ఏలువానికి తెలుగుదేవుడు తెలుగు పని పెట్టినాడన్నమాట! తెల్లవాఱిన పిమ్మట రాయలు సేనానాయకులకును సామంతులకును దర్శనమిచ్చి పంపివైచి, పండితులను రావించి తన కలను వారికి వినిపించెను. దండయాత్ర నడుమ ఒకనాడు సేనాపతులు ముందుగా ఇంటికి పంపబడి, పండితులు కూర్చుండబెట్టబడిరి. ఈ చిన్న సంగతి నాకు ఎన్నిమాఱులు చదివినను క్రొత్తగానే యుండును.

కలలు కావ్యపీఠికలలో సంప్రదాయమేగదా యని విమర్శకులు కొందఱందురు. నిజమే. తిక్కన సోమయాజికి కలలో తండ్రి కనబడి హరిహరనాథుని కరుణను తెలిపెను. పోతనామాత్యునకు రామభద్రుడు కనబడి భాగవతము తెనిగింపుమనెను. కాని కల సంప్రదాయమైనను విజయవాటి విడిది సంప్రదాయము కాదు. ఊరిపేరు, యాత్రాకారణము, ఉపవాసతిథి చెప్పి, దండు మజిలీలో కావ్యము పుట్టినదని చెప్పిన పీఠిక వేఱొకటి నే నెఱుగను. మఱియొక గుఱుతు గలదు. ఒక హరివాసరమున కొండవీడు చిక్కినది. వేఱొక హరివాసరమున కావ్యము సంకల్పింపబడినది. కత్తి పట్టియున్న దినములలోను ఆ రాజు ఏకాదశిని తప్పలేదని దీనివలన గ్రహింపవచ్చును. ఆ తరువాత దండు తూర్పునకు సాగినది. సింహాచలమున 1516లో వేయించిన శాసనము గలదు; పొట్నూరికడ జయస్తంభము నాటబడినది. ఆ స్తంభము ప్రసక్తి ఆముక్తమాల్యదలోనే యుండుటచే, సంకల్పము నడుదారిలో జరిగి గ్రంథము పిదప ముగిసినదని తేదీలు చూచుకొనువాడెవడైనను చెప్పగలడు.

ఆ కావ్యమునందలి వేసవిని, వానకాలమును చదివినవారికి ఒక సంగతి తోపకపోదు. తడిసిన కట్టెలు మండకపోవుట, చూరునీళ్లు, బురద, పశువుల యవస్థ మున్నగునవి అంతఃపురమున కూర్చున్నవానికి తెలియునవి కావు. గుడారమున వానకు చిక్కి, పల్లెవాని పంచను చూచినవానికే తెలియును. ఇది నా యభిప్రాయము మాత్రమే. పండితులు కాదన్నచో వాదింపను.

ఇక రెండవ ఘట్టము. 1520లో రాయలు రాయచూరుపై నడచెను. ఆ విడిదిని నూనిజ్ వర్ణించిన తీరు అద్భుతము. రాజు గుడారము చుట్టును ముండ్లకంచె. దానికి ఒక్కటే ద్వారము. చుట్టును నాయకుల వీధులు. ఒక్కొక్క నాయకుని వీధికి ఒక్కొక్క అంగడి. బియ్యము, ధాన్యములు, మాంసములు, పక్షులు మొదలుకొని రత్నములవఱకు అచట అమ్మబడుచుండెను. కంసాలులు తమ యూరిలో వలెనే పని చేసికొనుచుండిరి. యుద్ధమని తెలియనివాడు అది యొక సంపన్ననగరమే యనుకొనునట. దారిలో దాహమునకు ఎవరును చావకుండ తోలుతిత్తులు మోయు నీళ్లవారు పండ్రెండువేలమంది. ప్రొద్దుపుచ్చుటకు వెంటవచ్చిన తక్కిన పరివారమునుగూడ అతడు లెక్కవేసినాడు గాని, ఆ లెక్క బాలబాలికలు చదువు ఈ సంచికలో వ్రాయదగినది కాదు.

అతని లెక్కలలో నన్ను నిద్రపోనీయనిది ఒకటి గలదు. గుఱ్ఱములు 32,400, ఏనుగులు 551, ఇవిగాక గాడిదలు, ఎద్దులు. ఆ యెండినభూమిలో వీనికి దినదినము గడ్డి యెచటనుండి వచ్చెనో యని అతడే యాశ్చర్యపడినాడు. మన లెక్క వేసి చూతము. గుఱ్ఱమునకు దినమునకు ఒక్క మోపు గడ్డి చొప్పున 32,400 మోపులు. బండికి 50 మోపులు పట్టునన్నచో దినమునకు 648 బండ్లు. పది దినములు దండు కదలకున్నచో 6,480 బండ్ల గడ్డి. ఇందులో ఏనుగుల పద్దు వ్రాయనేలేదు. ఈ గడ్డి ఆకాశమునుండి పడదు. చుట్టుపట్ల పల్లెలలోని వాములనుండి రావలెను, అంగడివాడు కొని తెచ్చినను, రాజభటుడు ఊరక తెచ్చినను. రాజు విడిదిలో ఎట్లు ప్రొద్దుపుచ్చెనో కవులును చరిత్రకారులును వ్రాసిరి. వాము పోయిన రైతు ఆ సంవత్సరము తన యెడ్లను ఎట్లు బ్రతికించుకొనెనో వ్రాసినవాడు లేడు.

రాయచూరును విడిపించుటకై బీజాపురము సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా దండెత్తివచ్చి కృష్ణ యొడ్డున విడిసెను. అప్పటికి యువకుడు. కవి, సంగీతమునందును చిత్రలేఖనమునందును ప్రవీణుడు. ఈ మాట వ్రాసినవాడు ఫెరిస్తా. అతడు ఇస్మాయిల్ వంశమువారి కొలువులోనే, సుమారు ఒక శతాబ్దము పిమ్మట చరిత్ర వ్రాసినవాడు. తాను ఆశ్రయించిన వంశపు పూర్వుని తప్పును దాచక వ్రాసినందులకు అతనిని మెచ్చుకొనవలెను. నది దాటవలెను; ఆవలియొడ్డున విజయనగరపు సేన. దాటుటకు పుట్టులు, తెప్పలు కావలెను. వెదురుతో బుట్టవలె అల్లి తోలు కప్పిన గుండ్రని పుట్టులు ఆ ప్రాంతమున చిరకాలము వాడుకలో నుండినవే. కొన్ని సిద్ధమైనవి, తక్కినవి కొలది దినములలో సిద్ధము కావలసియుండెను. అంతవరకు చేయవలసిన పని ఒక్కటే, ఓర్చుకొనుట.

ఒకనాడు సుల్తాను గుడారమున విశ్రమించియుండగా కొలువువాడొకడు మధుపాత్రను గూర్చిన పద్యము చదివెనట. వెంటనే చెలికాండ్రను పిలిపించి పానగోష్ఠి నడిపెను. గోష్ఠి ముదిరిన పిమ్మట, నది దాటుటకు ఈ యాలస్యమేమని యడిగెను. పుట్టులు చాలవని చెప్పిరి. ఆ మాట సహింపక ఏనుగు నెక్కి, ఎవరికిని చెప్పక నదిలోనికి తోలెను. ప్రభువు దిగినపుడు దండు దిగక తప్పునా? దొరికిన తెప్పలమీద కొందఱు, ఏనుగులమీద కొందఱు ఆవలియొడ్డు చేరిరి. తక్కినవారు చేరకమునుపే విజయనగరసేన వారిపై బడెను. వెనుకకు మఱలుటకు తెప్పలు లేవు. కత్తికి దప్పినవారు కృష్ణలో మునిగిరి. సుల్తాను కొలదిమందితో బ్రతికి బయటపడి, అసద్‌ఖానుని యాలోచనచే రాజధానికి మఱలిపోయెను.

నూనిజ్ కథనము ఇట్లు లేదు. నది దాటిన సుల్తాను సేనతో 1520 మే 19వ తేదీ శనివారము ప్రాతఃకాలమున పోరు జరిగి, మొదట రాయల సేన వెనుకంజవేసినను తుదకు సుల్తాను ఓడెనని అతడు వ్రాసెను. అంతకు ముందునాడే తలపడవలెనని రాయలు తలచెననియు, శుక్రవారము మంచిది కాదని తనవారు చెప్పగా ఒక దినము ఆగెననియు గలదు. రెండు కథనములలో ఏది యెంత సత్యమైనను, నదికడ సుల్తానునకు కలిగిన నష్టము గొప్పదనుటలో భేదము లేదు. ఒకడు ఒక్క దినము ఆగుమన్న ఆగినాడు. ఒకడు కొలది దినములు ఆగలేకపోయినాడు.

దీనినిబట్టి రాయలు సాధుపుంగవుడనియు, ఇస్మాయిల్ త్రాగుబోతనియు తేల్చుట పొరపాటు. రాయల కోపమును గూర్చి పోర్చుగీసువారే వ్రాసిరి. ఇస్మాయిల్ చేసిన తరువాతి పని సామాన్యుడు చేయగలది కాదు. రాయచూరును, ముద్గల్లును తిరిగి పట్టుకొనునంతవరకు మద్యము ముట్టనని అతడు ఒట్టుపెట్టుకొనెను. పానగోష్ఠి నిత్యకృత్యమైన కొలువులో, ఇరువదేండ్ల ప్రాయమున, ఆ మాట నిలుపుకొనుట యెంత కష్టమో మన యూళ్లలో ఒట్లు పెట్టుకొన్నవారి నడిగి తెలిసికొనవచ్చును. 1529లో కృష్ణదేవరాయలు గతించెను. 1530లో ఇస్మాయిల్ ఆ రెండు దుర్గములను సాధించి, ఆ పిదపనే పాత్ర చేతబట్టెను. నది యొడ్డున కొలది దినములు ఓర్వలేనివాడు పదియేండ్లు ఓర్చినాడు.

1534లో అతడు గోలకొండ కుతుబ్‌షాహి రాజ్యముపై నడచి, పాలమూరు సీమలోని కోయిలకొండను ముట్టడించెను. ముట్టడి సాగుచుండగా జ్వరముబారినపడి ఆ యేటనే మరణించెను. అప్పటికి కోట పట్టుబడలేదు. దండు ఇంకను దానిచుట్టు విడిసియే యుండెను.